ఆడటానికి ఎన్ని అనుమతులు కావాలి? ఇరాన్ ఫుట్‌బాలర్ నీలూఫర్ అర్దలాన్ కథ

2015 సెప్టెంబరు చివరి వారం. మహిళల ఫుట్‌సాల్ (హాల్లో ఐదుగురేసి ఆడే ఫుట్‌బాల్) తొలి ఆసియా చాంపియన్‌షిప్ మలేసియాలోని నీలాయ్ పట్టణంలో జరిగింది. ఫైనల్లో ఇరాన్ 1-0తో జపాన్‌ను ఓడించి కప్పు అందుకుంది. ఆ జట్టు కెప్టెన్ నీలూఫర్ అర్దలాన్ మాత్రం ఆ రోజు ఇరాన్‌లోనే ఉండిపోయింది. ఆమెకు గాయం కాలేదు, ఫామ్ పోలేదు, సెలెక్టర్లు పక్కన పెట్టలేదు. పాస్‌పోర్టు రెన్యువల్ చేయించుకోవాలి. దానికి భర్త రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోలేదు.

కొడుకు మొదటిసారి బడికి వెళ్లే రోజున తల్లి ఇంట్లో ఉండాలన్నది భర్త చెప్పిన కారణం. ఇరాన్‌లో విద్యా సంవత్సరం వాళ్ల క్యాలెండర్ ప్రకారం మెహ్ర్ నెల మొదటి తేదీన, అంటే సెప్టెంబరు 23న మొదలవుతుంది. ఒకటో తరగతి పిల్లలకు బడుల్లో స్వాగత వేడుక కూడా చేస్తారు. టోర్నమెంటు సరిగ్గా ఆ వారంలోనే పడింది. అప్పటికి నీలూఫర్‌కు 30 ఏళ్లు. అభిమానులు 'లేడీ గోల్' అని పిలుచుకునే క్రీడాకారిణి. భర్త క్రీడా పాత్రికేయుడు కాబట్టి, ఆసియా టోర్నమెంటు అంటే ఏమిటో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

నీలూఫర్ ఈ సంగతి దాచుకోలేదు. సరదాకో షికారుకో వెళ్తానని అడగలేదని, దేశం జెండా ఎగరేయడానికి వెళ్తానన్నానని, ఇలాంటప్పుడు క్రీడాకారిణులు తమ హక్కు కాపాడుకునే ఏర్పాటు చట్టంలో ఉండాలని ఇరాన్ మీడియాకే చెప్పింది. వార్త ప్రపంచమంతా పాకింది. చర్చ మాత్రం ఎక్కువగా ఆ భర్త మంచివాడా చెడ్డవాడా అన్నదాని చుట్టూనే తిరిగింది. నా దృష్టిలో అది అసలు ప్రశ్న కాదు. ఆయన సంతకం పెట్టి ఉంటే ఈ కథ మనదాకా వచ్చేది కాదు, కానీ చట్టం మాత్రం అక్కడే అలాగే ఉండేది. జాతీయ జట్టు కెప్టెన్ విదేశం వెళ్లడం ఒక వ్యక్తి ఇష్టాయిష్టాల మీద ఆధారపడి ఉండేది.

ఆ చట్టం సంగతి కాస్త వివరంగా చూడాలి. ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరబడతారు. భర్త అనుమతి నిబంధన 1979 విప్లవం తర్వాత మతాధికారులు తెచ్చిపెట్టిందని అనుకుంటారు. అది నిజం కాదు. ఇరాన్ పాస్‌పోర్టు చట్టం 1973 నాటిది, అంటే విప్లవానికి ముందటి రాజు షా పాలనలో వచ్చింది. ఆ రోజుల్లో టెహ్రాన్ వీధుల్లో స్త్రీలు తలమీద వస్త్రం లేకుండా తిరిగేవారు, ఉద్యోగాలు చేసేవారు, పెద్ద క్లబ్బుల పేరుతో ఫుట్‌బాల్ కూడా ఆడేవారు. అదే కాలంలో వచ్చిన చట్టంలోని 18వ అధికరణం, పెళ్లయిన స్త్రీకి పాస్‌పోర్టు ఇవ్వాలంటే భర్త రాతపూర్వక అంగీకారం ఉండాలంది. అత్యవసరమైతే పబ్లిక్ ప్రాసిక్యూటర్ అనుమతి ఇవ్వొచ్చని ఒక చిన్న వెసులుబాటు పెట్టింది. ఆ తర్వాతి అధికరణం ప్రకారం ఒకసారి ఇచ్చిన అంగీకారాన్ని భర్త మళ్లీ వెనక్కి తీసుకోవచ్చు కూడా. విప్లవం ఎన్నో చట్టాలను తిరగరాసింది గానీ దీన్ని ముట్టుకోలేదు. పైగా సివిల్ కోడ్‌లోని 1117వ అధికరణం, కుటుంబ ప్రయోజనాలకో గౌరవానికో భంగమని చూపించగలిగితే భార్యను ఉద్యోగం మాన్పించే వీలు భర్తకు ఇస్తుంది.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. 18 నిండిన పెళ్లికాని అమ్మాయి ఈ నిబంధన కిందికి రాదు. జట్టులో 19 ఏళ్ల కుర్రది తన పాస్‌పోర్టు తాను తీసుకుని విమానం ఎక్కుతుంది. జట్టును నడిపిన 30 ఏళ్ల కెప్టెన్, పెళ్లయింది కాబట్టి, ఎక్కలేదు. అనుభవం పెరిగి ఆట పదునెక్కే వయసు, పెళ్లి వయసు దాదాపు ఒకటే. కాబట్టి ఈ నిబంధన దెబ్బ కొట్టేది ఎక్కువగా సీనియర్లనే.

తప్పించుకునే దారి లేకపోలేదు. సివిల్ కోడ్ 1119వ అధికరణం ప్రకారం పెళ్లి ఒప్పందంలో షరతులు రాసుకోవచ్చు. దేశం విడిచి వెళ్లే హక్కును భర్త ముందే భార్యకు నోటరీ దగ్గర పవరాఫ్ అటార్నీగా రాసివ్వొచ్చు. చదువుకున్న కుటుంబాల్లో ఇలా రాయించుకునేవాళ్లు ఉన్నారు. కానీ పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు, రెండు వైపుల పెద్దలు కూర్చుని ఉండగా, 'నేను దేశం దాటాలంటే నీ అనుమతి అక్కర్లేదని రాసివ్వు' అని అడగడం ఏ ఇంట్లో అంత తేలిక? అడిగాక అవతలివాళ్లు కాదంటే ఆ పెళ్లి సంగతి ఏమిటి? కాగితం మీద ఉన్న దారికీ నిజంగా నడవగలిగే దారికీ మధ్య చాలా దూరం ఉంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఇంత బిగింపు ఉన్న చోట ఆసియాను గెలిచే జట్టు ఎలా తయారైంది?

విప్లవం తర్వాత స్త్రీల ఫుట్‌బాల్ ఆగిపోయింది. ఆరుబయట మైదానంలో, మగవాళ్లు చూస్తుండగా ఆడపిల్లలు పరుగెత్తడం కుదరదన్నారు. మగవాళ్ల మ్యాచులు చూడటానికి స్టేడియంలోకి రావడం కూడా 1980ల తొలి రోజుల నుంచే బందయింది. కానీ ఆట మీద ఇష్టం ఎక్కడికి పోతుంది? అది గోడల మధ్యకు వెళ్లింది. 1990ల్లో టెహ్రాన్‌లోని అల్‌జహ్రా మహిళా విశ్వవిద్యాలయం లాంటి చోట్ల అమ్మాయిలు ఇండోర్ హాళ్లలో ఫుట్‌సాల్ మొదలుపెట్టారు. ఫుట్‌సాల్ అంటే జట్టుకు ఐదుగురు, సుమారు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉన్న గట్టి నేల, మామూలు ఫుట్‌బాల్ కన్నా చిన్నదిగా ఉండి తక్కువ ఎగిరే బంతి. హాలు తలుపులు మూసేస్తే లోపల అందరూ ఆడవాళ్లే. ఎవరికీ అభ్యంతరం లేదు. పైకప్పు కింద పుట్టిన ఈ ఆటే ఇరాన్ స్త్రీలకు బడి అయింది. ఇరుకు చోట బంతిని అదుపులో పెట్టడం, రెప్పపాటులో పాస్ ఇవ్వడం వాళ్లకు అక్కడే వంటబట్టింది. 2015 కప్పు గాలివాటంగా వచ్చింది కాదు. 2018లో బ్యాంకాక్‌లో జరిగిన తర్వాతి చాంపియన్‌షిప్ ఫైనల్లో అదే జపాన్‌ను 5-2తో ఓడించారు.

పెద్ద మైదానంలో ఆడే ఫుట్‌బాల్‌కు జాతీయ జట్టు 2005లో గానీ తయారు కాలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో బెర్లిన్ నుంచి వచ్చిన ఒక స్థానిక మహిళల క్లబ్బుతో టెహ్రాన్‌లోని అరారత్ స్టేడియంలో ఆడారు. 2-2తో ముగిసిన ఆ మ్యాచ్‌ను చూసింది మొత్తం ఆడవాళ్లే. మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. కూతురు గోల్ కొడితే తండ్రికి కనిపించదు. స్త్రీల మ్యాచులు టీవీలో రాకపోవడం వల్ల దేశానికీ కనిపించదు. ఇరాన్‌లో ఆడే స్త్రీకి దక్కాల్సిన పేరు, స్పాన్సర్లు, డబ్బు ఎందుకు దక్కలేదో అర్థం కావాలంటే ఈ ఒక్క విషయం చాలు. మనిషి ఆడుతోంది, గెలుస్తోంది, కానీ చూసేవాళ్లే లేరు.

ఇంతవరకు చెప్పిందంతా ఇరాన్ లోపలి సంగతి. అక్కడితో ఆపేస్తే మనకు సగమే తెలిసినట్టు. బయటి తలుపు వేసింది మరెవరో కాదు, ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫిఫా.

2011 జూన్ 3న జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లో లండన్ ఒలింపిక్స్ క్వాలిఫయింగ్ మ్యాచ్. ఇరాన్ అమ్మాయిలు తెల్లటి జెర్సీలు, తలా మెడా కప్పే వస్త్రాలతో మైదానంలోకి వచ్చారు. ఆట మొదలు కావడానికి కాస్త ముందు అధికారులు ఈ వస్త్రంతో ఆడనివ్వమన్నారు. మెడ దగ్గర బిగుసుకుంటే ప్రమాదమన్నది ఫిఫా వాదన. పరికరాల నిబంధనలో మతపరమైన చిహ్నాల మీద నిషేధమూ ఉంది. అంతకు ముందు ఏడాది సింగపూర్ యూత్ ఒలింపిక్స్ సమయంలో ఇదే పేచీ వచ్చి, తల మాత్రమే కప్పే టోపీతో రాజీ కుదిరింది. మెడ కప్పడం ఆ రాజీలో లేదని ఫిఫా అంటే, తమ దుస్తులకు ఆమోదం ఉందని ఇరాన్ ఫెడరేషన్ అంది. మ్యాచ్ జరగలేదు. జోర్డాన్ 3-0తో గెలిచినట్టు ప్రకటించారు. ఇరాన్ ఒలింపిక్ ఆశ అక్కడితో ముగిసింది. కెమెరాలకు దొరికింది మైదానంలో ఏడుస్తున్న అమ్మాయిలే.

వాళ్ల పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క. వస్త్రం తీస్తే స్వదేశంలో కెరీర్ ముగుస్తుంది, ఇంకా పెద్ద చిక్కులే రావచ్చు. తీయకపోతే ఫిఫా ఆడనివ్వదు. వాళ్లలో ఇష్టంగా తల కప్పుకునేవాళ్లు ఉండొచ్చు, తప్పనిసరై కప్పుకునేవాళ్లూ ఉండొచ్చు. ఎవరు ఏమిటన్నది ఎవరూ అడగలేదు. ఇరాన్ ప్రభుత్వం కప్పుకోవాల్సిందే అంది, ఫిఫా తీయాల్సిందే అంది. అప్పటి ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ ఫిఫా పెద్దలను నియంతలన్నారు. సొంత దేశంలో స్టేడియం గేటు దాటనివ్వని స్త్రీల తరఫున ప్రభుత్వం అంత గట్టిగా మాట్లాడటం చూస్తే, వాళ్లు కాపాడుతున్నది ఆ అమ్మాయిల ఆటనా, తమ డ్రెస్ కోడ్‌నా అన్న అనుమానం వస్తుంది. నాకైతే రెండోదే అనిపిస్తుంది.

ఈ తలుపు తెరవడానికి గట్టిగా ప్రయత్నించిన మనిషి, ఆ రోజు గెలిచినట్టు ప్రకటించిన దేశం నుంచే వచ్చాడు. జోర్డాన్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు ప్రిన్స్ అలీ బిన్ హుస్సేన్ అప్పట్లో ఫిఫా ఉపాధ్యక్షుడు. ఆయన వాదన ఫలించి, ఆట నియమాలు రాసే ఐఎఫ్ఏబీ 2012 జులైలో ప్రయోగాత్మకంగా ఒప్పుకుంది, 2014 మార్చిలో పూర్తిగా అనుమతించింది. వస్త్రం నల్లగా గానీ జెర్సీ ప్రధాన రంగులో గానీ ఉండాలి, జెర్సీకి కుట్టి ఉండకూడదు, ప్రమాదం కలిగించేలా ఉండకూడదు. ఈ మూడు నాలుగు వాక్యాలు 2011లోనే రాసి ఉంటే ఆ అమ్మాయిలు ఆడి ఉండేవాళ్లు. 2023 ప్రపంచకప్‌లో మొరాకో డిఫెండర్ నుహైలా బెంజీనా తల కప్పుకుని ఆడినప్పుడు లోకం చప్పట్లు కొట్టింది. సంతోషమే. ఈలోగా గడిచిన 12 ఏళ్లలో అమ్మాన్‌లో ఏడ్చిన తరం వయసు దాటిపోయింది. ఫుట్‌బాల్ కెరీర్ పట్టుమని పదిహేనేళ్లు. నియమాలు నింపాదిగా మారతాయి, మోకాళ్లు ఆగవు.

అదే ప్రిన్స్ అలీ పేరు పదేళ్ల తర్వాత మళ్లీ ఇరాన్ స్త్రీల కథలోకి వచ్చింది, ఈసారి వేరే పాత్రలో.

2021 సెప్టెంబరులో తాష్కెంట్‌లో ఆసియా కప్ క్వాలిఫయర్లు. గ్రూపులో ఇరాన్, జోర్డాన్, బంగ్లాదేశ్. రెండు జట్లూ బంగ్లాదేశ్‌ను సరిగ్గా 5-0తోనే ఓడించాయి. 25న జరిగిన ఆఖరి మ్యాచ్ 0-0. పాయింట్లు సమానం, గోల్స్ సమానం, కాబట్టి తేల్చడానికి పెనాల్టీలు పెట్టాల్సి వచ్చింది. ఇరాన్ గోల్‌కీపర్ జొహ్రే కుదాయీ రెండు ఆపింది. ఇరాన్ 4-2తో గెలిచి, చరిత్రలో మొదటిసారి ఆసియా కప్‌కు అర్హత సంపాదించింది.

నవంబరులో జోర్డాన్ సంఘం ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్యకు ఉత్తరం రాసింది. కుదాయీ స్త్రీయేనా, స్వతంత్రంగా పరీక్షించండి అని. ప్రిన్స్ అలీ ఆ ఉత్తరాన్ని సోషల్ మీడియాలో పెట్టారు. ఒక్క రోజులో ఆమె ముఖం, ఎత్తు, దవడ గురించి తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ మాట్లాడటం మొదలైంది. తాను స్త్రీనేనని, ఇది వేధింపని, కోర్టుకు వెళ్తానని ఆమె చెప్పుకోవాల్సి వచ్చింది. ఇలాంటి ఇబ్బంది రాకూడదనే ప్రతి క్రీడాకారిణికీ హార్మోన్ పరీక్షలు ముందే చేయించామని అప్పటి కోచ్ మరియం ఇరాన్‌దూస్త్ వివరించింది.

లింగ నిర్ధారణ నిబంధన అనేది ఒకటుంది, నిజమే. ఫిఫా 2011లోనే ఆ నియమావళి తెచ్చింది, ఆసియా సమాఖ్యకూ తనదైన నిబంధన ఉంది. సందేహం ఉంటే ఆధారాలతో వైద్యాధికారుల ముందు పెట్టొచ్చు. అయితే శరీరానికి సంబంధించిన అంత సున్నితమైన విషయాన్ని మూసిన తలుపుల వెనకే తేల్చుకోవాలి. ఉత్తరం బయటపెట్టిన క్షణమే విచారణకు ముందే శిక్ష పడిపోయింది. పెనాల్టీలు ఆపినందుకు ఒక స్త్రీ తన స్త్రీత్వాన్ని ప్రపంచానికి రుజువు చేసుకోవాల్సి రావడం అన్యాయం. దీన్ని ఏ నిబంధన పేరుతోనూ సమర్థించలేను. స్త్రీల క్రీడలో న్యాయమైన పోటీ ఉండాలన్న మాట విలువైనదే. అలాంటి విలువైన మాటను ఓడిపోయిన మ్యాచ్‌కు జోడించి వాడితే దాని పరువే పోతుంది.

ఆ ఆసియా కప్ మన దేశంలోనే జరిగింది. 2022 జనవరి 20న నవీ ముంబయిలోని డీవై పాటిల్ స్టేడియంలో ఇరాన్ తొలి ప్రత్యర్థి భారత్. మనవాళ్లు దాడి మీద దాడి చేశారు. కుదాయీ ఒక్క గోల్ కూడా పడనివ్వలేదు. 0-0. తొలిసారి ఈ స్థాయికి వచ్చిన జట్టుకు తొలి మ్యాచ్‌లోనే పాయింటు. మూడు రోజులకే భారత శిబిరంలో కరోనా కేసులు పెరిగి, చైనీస్ తైపీ మీద మ్యాచ్‌కు సరిపడా 13 మంది కూడా లేక మన జట్టు టోర్నమెంటు నుంచి తప్పుకోవాల్సి వచ్చింది. నిబంధన ప్రకారం భారత్ ఆడిన మ్యాచులు లెక్కలోంచి తీసేశారు. ఇరాన్ పాయింటు కూడా అలాగే పోయింది. తర్వాత చైనా చేతిలో 0-7, చైనీస్ తైపీ చేతిలో 0-5. రికార్డు పుస్తకంలో మిగిలింది ఈ రెండు ఓటములే. దీనికి ఎవరినీ తప్పుపట్టలేం, మహమ్మారి కాలం. కానీ అన్ని మాటలు పడి వచ్చిన గోల్‌కీపర్ తన ఆటతో సమాధానం చెప్పిన ఆ ఒక్క సాయంత్రం పాయింట్ల పట్టికలో లేకుండా పోవడం మాత్రం బాధగానే ఉంటుంది. ఆ జట్టు అక్కడితో ఆగిపోలేదు. 2025 జులైలో అమ్మాన్‌లోనే ఆడి, జోర్డాన్‌ను 2-1తో ఓడించి, ఆస్ట్రేలియా వేదికైన 2026 ఆసియా కప్‌కూ అర్హత సాధించింది.

ఇప్పుడు ఈ దారాలన్నీ పక్కపక్కన పెడితే కనిపించేది ఇది. ఇరాన్‌లో స్త్రీలు ఆడకూడదన్న చట్టమేదీ లేదు. జాతీయ జట్టు ఉంది, 2007 నుంచి లీగ్ ఉంది. 2003 డిసెంబరులో భూకంపానికి నేలమట్టమైన బామ్ నగరం పేరు మీద ఆడే మహిళల క్లబ్బు ఆ లీగ్‌లో మళ్లీ మళ్లీ విజేతగా నిలిచింది. నిషేధం లేదు గనుక అంతా బాగుందని ప్రభుత్వం చూపించుకోగలదు. కానీ ఆడటానికి కావాల్సిన ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరి అనుమతి అడ్డంగా ఉంటుంది. ప్రయాణానికి భర్త, దుస్తులకు ఒకవైపు ప్రభుత్వం, మరోవైపు ఫిఫా, చివరికి గెలిచాక 'నువ్వు స్త్రీవేనా' అని ప్రత్యర్థి సంఘం. ఈ అనుమతులు ఇచ్చేవాళ్లలో ఆ క్రీడాకారిణి ఎన్నుకున్నవాళ్లు దాదాపు లేరు, భర్త ఒక్కడు తప్ప. ఆ ఒక్కడికీ ఈ అధికారం ఆమె ఇచ్చింది కాదు, చట్టం ఇచ్చింది. అందుకే ఇరాన్ స్త్రీల ఫుట్‌బాల్‌ను 'మతం వర్సెస్ స్వేచ్ఛ' అనే ఒక్క గాటన కట్టేసే కథనాలు నన్ను తృప్తి పరచవు. షా కాలపు చట్టం, ఇస్లామిక్ రిపబ్లిక్ దుస్తుల నియమం, జ్యూరిక్‌లో కూర్చున్న ఫిఫా నిబంధన, అమ్మాన్ నుంచి వెళ్లిన ఉత్తరం, వీటిలో ఏ ఒక్కదాన్ని వదిలేసినా లెక్క తప్పుతుంది.

నీలూఫర్ విషయానికొస్తే, రెండు నెలల తర్వాత నవంబరులో గ్వాటెమాలాలో ఫుట్‌సాల్ ప్రపంచ టోర్నమెంటు వచ్చింది. ఈసారి న్యాయాధికారులు కలగజేసుకుని, భర్త అంగీకారం లేకపోయినా ఆ ఒక్క ప్రయాణానికి అనుమతి ఇచ్చారు. 18వ అధికరణంలోని 'అత్యవసరం' అన్న వెసులుబాటు ఆమెకు అలా పనికొచ్చింది. చాలా పత్రికలు దీన్ని విజయంగా రాశాయి. ఆమెకది విజయమే, వెళ్లి ఆడింది. చట్టానికి మాత్రం గీత కూడా పడలేదు. ఒక భర్త కాదన్నదాన్ని ఒక అధికారి సరేనన్నాడు. అడగాల్సిన మనిషి మారాడు, అడగాల్సిన అవసరం మారలేదు. ప్రపంచమంతా చదివిన కేసు కాబట్టి అధికారి కదిలాడు. లీగ్‌లో రెండో వరసలో ఆడే, పేరు ఎవరికీ తెలియని పెళ్లయిన అమ్మాయికి ఏ అధికారి కదులుతాడు?

తర్వాత జరిగినవి చూస్తే ఈ భయం ఊరికే వచ్చింది కాదని తెలుస్తుంది. పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన ఆర్చర్ జహ్రా నెమతీని 2017లో భర్త విదేశం వెళ్లకుండా ఆపించాడు. 2021 ఫిబ్రవరిలో ఆల్పైన్ స్కీయింగ్ కోచ్ సమీరా జర్గరీది అదే కథ. ఇటలీలోని కోర్తీనాలో ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ఆమె తయారు చేసిన నలుగురు అమ్మాయిలూ వెళ్లారు, ఆమె వెళ్లలేకపోయింది. క్రీడాకారిణులకైనా మినహాయింపు ఇవ్వాలని ఇరాన్ పార్లమెంటులో మహిళా సభ్యులు కొందరు మాట్లాడారు. ఆ అడుగు కూడా అవసరమే గానీ, నాకు అందులో ఒక చిక్కు కనిపిస్తుంది. పతకం తెచ్చే స్త్రీకి మాత్రమే అనుమతి అక్కర్లేదంటే, పరిశోధన కోసం వెళ్లే డాక్టరమ్మ, అక్క కాన్పుకు వెళ్లే గృహిణి మళ్లీ సంతకం కోసం నిలబడాల్సిందే. 1973 నాటి ఆ అధికరణంలో మార్చాల్సింది మినహాయింపుల జాబితా కాదు, భర్త రాతపూర్వక అంగీకారం అన్న మాటనే.